మెరక, పల్లం, మధ్యన ఒక గుంట: తవ్వకం దరఖాస్తును తూచడం ఎలా?

మట్టి తవ్వుకోవడానికి అనుమతి కోరే దరఖాస్తు సాధారణంగా చాలా క్లుప్తంగా ఉంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, తవ్వే లోతు, ఎన్నాళ్లు తవ్వుతారు, ఆ మట్టి ఎక్కడికి వెళుతుంది. వీటికి తోడు ఒక పటం, అందులో భూమి హద్దులు చూపే ఒక గీత. దరఖాస్తుదారు బాధ్యత ఆ గీత లోపలే అన్నట్టు కాగితం కనిపిస్తుంది. కాని నేలలోని నీరు, గాలిలోని దుమ్ము, యంత్రాల చప్పుడు ఆ గీత దగ్గర ఆగవు. గీతకు ఒకవైపు ఇళ్లు, మరోవైపు చిత్తడి నేల ఉంటే ఆ దరఖాస్తును పరిశీలించే అధికారి ఏం చూడాలి? ఏ లెక్కలు వేయాలి? ఆ ఊరివాళ్లు ఏ ప్రశ్నలు అడగాలి? ఈ పాఠంలో వీటినే పరిశీలిద్దాం. మీరు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది. ఇందులోని లెక్కలన్నీ పదో తరగతి స్థాయివే.

లెక్క కోసం ఒక దరఖాస్తును ఊహించుకుందాం. ఊరి పక్కన 5 హెక్టార్ల పట్టా భూమి ఉంది. చుట్టుపక్కల కంటే కొంచెం ఎత్తుగా ఉన్న మెరక నేల అది. పైన ఎర్రమట్టి, కింద గ్రావెల్, ఇసుక. రోడ్డు కట్ట వేయడానికి దీన్ని 6 మీటర్ల లోతున, రెండేళ్లపాటు తవ్వుతామని అడుగుతున్నారు. తూర్పున 150 మీటర్ల దూరంలో ఇళ్లున్నాయి, వాటికి బావులున్నాయి. పడమర 120 మీటర్ల దూరంలో ఒక పల్లం ఉంది. వానాకాలంలో అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, తుంగ, జమ్ము పెరుగుతాయి, కొంగలు వాలతాయి. వేసవిలో నెర్రెలు విచ్చిన బయలుగా మారుతుంది. పల్లంలో నిలిచే నీటి పైమట్టం మెరక కంటే 4 మీటర్లు దిగువన ఉంటుంది.

ముందుగా సులువైన లెక్క. 5 హెక్టార్లంటే 50,000 చదరపు మీటర్లు. దాన్ని 6 మీటర్ల లోతుతో గుణిస్తే 3 లక్షల ఘనపు మీటర్లు. నేలలో బిగుసుకుని ఉన్న మట్టిని తవ్వి పోస్తే అది గుల్లబారి ఎక్కువ చోటు తీసుకుంటుంది. పెరటిలో గొయ్యి తవ్విన వారెవరికైనా ఇది తెలిసిందే. ఈ పెరుగుదల నాలుగో వంతు అనుకుంటే, మోయవలసింది 3,75,000 ఘనపు మీటర్లు. ఒక టిప్పర్ 10 ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే 37,500 లోడ్లు. రెండేళ్లలో 600 పనిదినాలుంటే రోజుకు సుమారు 62 లోడ్లు. వెళ్లిన బండి తిరిగి రావాలి కనుక ఊరి వీధిలో రోజుకు దాదాపు 125 రాకపోకలు. పది గంటల పని అనుకుంటే ప్రతి ఐదు నిమిషాలకు ఒక టిప్పర్ ఇంటి ముందునుంచి వెళుతుంది. ఆ పది గంటల్లోనే పిల్లలు బడికి వెళ్లి రావాలి.

దరఖాస్తులో ఉన్నది ‘5 హెక్టార్లు’ అన్న మాట. దాని అర్థం ఐదు నిమిషాలకు ఒక టిప్పర్. రెండూ ఒకటే సంగతి, కాని రెండోది చెప్పినప్పుడే వినేవాళ్లకు విషయం బోధపడుతుంది. ఈ మార్పిడిని దరఖాస్తుదారే చేసి చూపించాలని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం నీరు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

వాన కురిసినప్పుడు మెరక నేల కొంత నీటిని తాగుతుంది. ఆ నీరు లోపలికి ఇంకి, అక్కడి ఇసుక రేణువుల మధ్య సందుల్లో నిలిచి, నెమ్మదిగా పల్లం వైపు జారుతుంది. వాన వెలిసిన నెలల తర్వాత కూడా పల్లంలో తడి ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. చిత్తడి నేలకు నీరు పైనుంచే కాదు, పక్కనుంచి, అడుగునుంచి కూడా వస్తుంది. అందుచేత పక్కనున్న మెరక దానికి ఒక నీటి తొట్టి వంటిది. పటంలో చిత్తడి నేల హద్దు జమ్ము పెరిగిన చోటితో ఆగిపోవచ్చు. కాని దాన్ని పోషించే నేల ఆ హద్దుకు బయట ఉంటుంది.

మన ఊహా దరఖాస్తులో బావుల కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. మే నెలలో మెరక పైనుంచి 7 మీటర్ల లోతున నీరు. అక్టోబరులో 3 మీటర్ల లోతున నీరు. దరఖాస్తుదారు మే నెల కొలత చూపి, ‘మా గుంట 6 మీటర్లే, నీరు 7 మీటర్లలో ఉంది, కనుక భూగర్భ జలాన్ని తాకం’ అంటాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాని అక్టోబరులో ఏమవుతుందో చూడండి. నీటిమట్టం 3 మీటర్ల లోతున ఉంది. పల్లంలోని నీరు 4 మీటర్ల లోతున ఉంది. అంటే మెరకలోని నీరు పల్లంకంటే ఒక మీటరు ఎత్తులో ఉండి పల్లంలోకి పారుతోంది. 6 మీటర్ల గుంట తవ్వితే దాని అడుగు పల్లపు నీటికంటే 2 మీటర్లు దిగువకు పోతుంది. పని సాగడానికి ఆ గుంటలోని నీటిని మోటార్లతో తోడి బయట పోస్తే పారుదల దిశ తిరగబడుతుంది. ఇన్నాళ్లూ పల్లానికి నీళ్లిచ్చిన మెరక ఇప్పుడు పల్లం నుంచి నీళ్లు లాక్కోవడం మొదలుపెడుతుంది.

ఆ లాగుడు ఎంత దూరం వెళుతుంది? ఇంజినీర్లు స్థూలంగా వేసే అంచనాకు సిచార్ట్ సూత్రం అని ఒకటి ఉంది. గుంటలో నీటిమట్టం ఎన్ని మీటర్లు తగ్గిందో తీసుకోండి. నేల పారగమ్యతను, అంటే నీరు దానిగుండా ఎంత సులువుగా నడుస్తుందన్న కొలతను, సెకనుకు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం కట్టండి. ఈ రెంటినీ 3000తో గుణిస్తే ప్రభావం చేరే దూరం మీటర్లలో వస్తుంది. ఇది అనుభవం మీద కట్టిన సూత్రమే తప్ప ప్రకృతి నియమం కాదు. అయినా ఏ సంగతి ముఖ్యమో చక్కగా చూపిస్తుంది.

మన గుంటలో తగ్గుదల 3 మీటర్లు. నేల బంకమన్ను కలిసిన సన్నని ఒండ్రు అయితే పారగమ్యత సెకనుకు 0.000001 మీటరు ఉండవచ్చు. వర్గమూలం 0.001. జవాబు 9 మీటర్లు. ఎవరికీ బాధ లేదు. మధ్యరకం ఇసుక అయితే పారగమ్యత 0.0001, వర్గమూలం 0.01, జవాబు 90 మీటర్లు. పల్లం 120 మీటర్ల దూరంలో ఉంది కనుక ప్రభావం దాని అంచుకు కొంచెం ఇవతల ఆగుతుంది. ముతక ఇసుక అయితే పారగమ్యత 0.001, వర్గమూలం 0.0316, జవాబు సుమారు 285 మీటర్లు. ఇప్పుడు చిత్తడి నేలా, ఇళ్ల బావులూ రెండూ ఆ వలయంలోకి వచ్చేశాయి.

గుంట మారలేదు, లోతు మారలేదు, దూరాలు మారలేదు. కింద ఉన్న ఇసుక రేణువు పరిమాణం మారింది, అంతే. అందువల్ల ‘ఇళ్లకు ఎంత దూరం? చెరువుకు ఎంత దూరం?’ అని టేపు పట్టి కొలిచినంత మాత్రాన పరిశీలన పూర్తి కాదు. రెండు మూడు చోట్ల బోరు వేసి, పొరలు ఏమిటో చూసి, నీటిని తోడి పారగమ్యత కట్టాలి. రెండేళ్ల తవ్వకం ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్షల ఖర్చు స్వల్పం. ఇవి లేని దరఖాస్తును మంచిదనీ అనలేం, చెడ్డదనీ అనలేం. అది అసంపూర్ణం. వెనక్కి పంపవలసిందే.

ఇంకొక సంగతి కూడా బోరులో తేలుతుంది. అనేక చిత్తడి నేలల అడుగున బంకమన్ను పొర ఉంటుంది. కుండకు అడుగు ఎలాగో దానికి ఆ పొర అలాగ. తవ్వకం ఆ పొర మీదికి వెళ్లి దాన్ని చీలిస్తే, తోడే మోటారు ఆపేసినా నీరు కిందికి జారుతూనే ఉంటుంది. మోటారు వల్ల తగ్గిన మట్టం కొన్ని వానలకు తిరిగి కోలుకోవచ్చు. పగిలిన కుండ మళ్లీ అతకదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, చివర్లో తూకం వేసేటప్పుడు ఇది కావాలి.

సముద్ర తీరానికి దగ్గరైతే మరో లెక్క చేరుతుంది. తీరప్రాంతపు నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీటి సాంద్రత కొంచెమే ఎక్కువ కావడంతో, సిద్ధాంతం ప్రకారం మంచినీటి మట్టం 1 మీటరు తగ్గితే కింద ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి వస్తుంది. తీరగ్రామాల్లో ‘బావి ఉప్పగిల్లింది’ అనే మాట వెనుక తరచు ఈ భౌతికశాస్త్రమే ఉంటుంది.

ఇప్పుడు కాలం సంగతి. పైలెక్కలో మే నెల కొలతకు, అక్టోబరు కొలతకు ఉన్న తేడాయే జవాబును తలకిందులు చేసింది. మన దేశంలో పర్యావరణ ప్రభావ అంచనా నివేదికల కోసం గాలి, నీరు, నేల, జీవజాలం గురించిన మూల సమాచారాన్ని చాలావరకు ఒక సీజన్‌లో, అదీ వర్షాకాలం కానప్పుడు సేకరించడం పద్ధతిగా వచ్చింది. దుమ్ము, గాలి కాలుష్యం కొలవడానికి ఆ పద్ధతి సబబే. వానలో దుమ్ము అణిగిపోతుంది కనుక పొడి కాలంలోనే దాని నిజరూపం తెలుస్తుంది. చిత్తడి నేల విషయంలో మాత్రం ఇది సరిగ్గా ఎదురు తిరుగుతుంది. అది బతికేది వర్షాకాలంలో, శీతకాలంలో. వలస పక్షులు వచ్చేది కూడా అప్పుడే. ఏప్రిల్‌లో ఫోటో తీస్తే కనిపించేది ఎండిన బయలు. రెవెన్యూ రికార్డు తిరగేస్తే ‘పోరంబోకు’ అనో ‘బంజరు’ అనో ఉంటుంది. ఫోటో, రికార్డు రెండూ ఒకే మాట చెబుతాయి. ఆ మాట తప్పు.

దీనికి మన తెలుగు నేలమీదే ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో తీరం వెంబడి ఉండే పల్లపు చిత్తడి నేలలను స్థానికులు ‘బీల’ అంటారు. ఆ నీటితో పంటలు పండుతాయి, అందులో చేపలు పడతారు. అక్కడ ఒక థర్మల్ విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి లభించింది. అది చిత్తడి నేల అన్నది గ్రామస్తుల వాదన, పనికిరాని భూమి అన్నది ఎదుటివారి వాదన. 2010 జూలై 14న ఆందోళన చేస్తున్న జనం మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అది మట్టి తవ్వకం కేసు కాదు, చాలా పెద్ద ప్రాజెక్టు. కాని అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ నేల ఏడాది పొడుగునా ఎలా ఉంటుంది? ఆ ప్రశ్నకు కాగితాల మీద ముందే సరైన జవాబు ఉండవలసింది.

‘చిత్తడి నేల’ అన్న మాటకు చట్టంలో అర్థం ఏమిటో కూడా తెలుసుకోవాలి. ఇరాన్‌లోని రామ్‌సార్‌లో 1971 ఫిబ్రవరి 2న కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం 1982లో చేరింది. దేశంలో చిత్తడి నేలల నిబంధనలు మొదట 2010లో వచ్చాయి, వాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. 2017 నిబంధనల నిర్వచనం విశాలంగానే మొదలవుతుంది: సహజమైనా, కృత్రిమమైనా, శాశ్వతమైనా, తాత్కాలికమైనా సరే అంటుంది. తర్వాత కొన్నింటిని మినహాయిస్తుంది: నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు, సాగునీటికి, చేపల పెంపకానికి, ఉప్పు తయారీకి, విహారానికి ప్రత్యేకించి నిర్మించినవి. దక్కన్ పీఠభూమి మీద నివసించే మనకు ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర చిత్తడి నేల అంటే ఎక్కువగా కనిపించేది పూర్వులు కట్టిన సాగునీటి చెరువే. దాని శిఖం భూమిలో పక్షులు వాలినా, తామరలు పూచినా, ఈ నిర్వచనం దాన్ని పక్కన పెట్టగలదు. అలాంటి చోట చెరువు పూర్తి నీటిమట్టం హద్దును చూపే రికార్డులు, ఇతర చట్టాలు ఆసరా కావాలి.

మరోవైపు, అంతరిక్ష పరిశోధన సంస్థ వారి అహ్మదాబాద్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారు చేసిన జాతీయ అట్లాసులో 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలలు 2,01,503 ఉన్నట్టు తేలింది. వాటిని కాపాడవలసిందేనని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో ఆదేశించింది. కనుక పరిశీలించే అధికారి రెవెన్యూ రికార్డుతో పాటు ఆ అట్లాసునూ తెరవాలి. రెండింటికీ పొంతన కుదరకపోతే వర్షాకాలం చివర్లో స్వయంగా వెళ్లి చూడాలి.

తవ్వకం చిన్నదైనా మొత్తం పెద్దదైతే ఏమవుతుందో కొల్లేరు చెబుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఆ లోతులేని మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులూ, అనేక కాలువలూ వచ్చి కలుస్తాయి. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. ఇలాంటి సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వారు. అడుగు మట్టి తీసి చుట్టూ గట్లు పోశారు. ఒక్కొక్క చెరువును విడిగా చూస్తే కొద్దిపాటి తవ్వకమే. కాని ఆ గట్లన్నీ కలిసి నీరు పరచుకునే చోటును, కదిలే దారిని ముక్కలు చేశాయి. 1999లో కొల్లేరును అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో ప్రభుత్వమే రంగంలోకి దిగి అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టవలసి వచ్చింది. తవ్వుకుని బతికినవాళ్లలో చిన్న రైతులూ, లంక గ్రామాలవాళ్లూ ఉన్నారు. తెగ్గొట్టడం వాళ్లకూ నష్టమే. ముందే తూచి ఉంటే రెండుసార్లు నష్టపోవలసిన పని ఉండేది కాదు.

నీటి గురించి మరో రెండు సంగతులు త్వరగా చెప్పి ముందుకు వెళదాం. గుంట నుంచి తోడిన బురదనీటిని పల్లంలోకి వదులుతామంటే, ‘ముందు ఒక తొట్టిలో తేర్చి వదులుతాం’ అని దరఖాస్తులో రాస్తారు. నిలకడగా ఉన్న నీటిలో 0.02 మిల్లీమీటరు రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి అయిదు నిమిషాలు చాలు. 0.002 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకు దాదాపు ఎనిమిది గంటలు కావాలి, ఎందుకంటే దిగే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. గంటలో నిండి పొర్లే తొట్టి బంకమట్టిని ఆపలేదు. ఆ మట్టి చేపగుడ్ల మీద, నీటిమొక్కల ఆకుల మీద పేరుకుంటుంది. రెండోది, కొన్ని తీరప్రాంతపు చిత్తడి నేలల్లో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఖనిజం ఉంటుంది. నీటిలో మునిగి ఉన్నంతకాలం అది నిద్రపోతుంది. తవ్వి గాలికి ఆరబెడితే ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. కేరళలోని కుట్టనాడులో కొన్ని నేలలు ఈ ఆమ్ల గుణానికి పేరుపడ్డాయి. బోరు మట్టిని ఆరనిచ్చి ఆమ్లత్వం కొలిస్తే ముందే తెలిసిపోతుంది.

ఇక ఇళ్లవైపు తిరుగుదాం. నివాస ప్రాంతంలో చప్పుడు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. గాలిలో 10 మైక్రోమీటర్లకు లోపు ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదని 2009 ప్రమాణాలు. రెండూ సగటులే. ఐదు నిమిషాలకొకసారి టిప్పర్ వెళ్లినప్పుడు వాకిట్లో ఆరేసిన బట్టల మీద, పొయ్యి మీది అన్నం మీద పడే దుమ్ము ఆ సగటులో కలిసిపోయి కనబడకుండా పోవచ్చు. కొలిచే యంత్రాన్ని గుంట దగ్గర కాక, టిప్పర్లు వెళ్లే వీధిలో పెట్టమని అడగడం ఊరివాళ్ల హక్కు. గ్రావెల్ కింద రాయి తగిలి పేలుళ్లు మొదలైతే అది వేరే వ్యవహారం. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన పరిమితుల ప్రకారం, తక్కువ పౌనఃపున్యపు కంపనాల విషయంలో ఇతరుల ఇళ్ల దగ్గర నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటరాదు. మట్టి తవ్వకానికి ఇచ్చిన అనుమతిలో పేలుడు చేరకూడదు. దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇళ్లకు అన్నింటికంటే పెద్ద ప్రమాదం గుంటే. పని అయిపోయి యంత్రాలు వెళ్లిపోయాక వాన నీటితో నిండిన గుంట పిల్లలకు చెరువులా కనబడుతుంది. కాని చెరువుకు ఉండే ఏటవాలు గట్టు దానికి ఉండదు. నిలువు గోడ, జారే బంకమట్టి, ఒక్క అడుగుకే నిలువులోతు. ఈతకు దిగి మునిగిపోయిన పిల్లల వార్తలు ఏటా వేసవి సెలవుల్లో, వానల మొదట్లో పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. మట్టి, గ్రావెల్ వంటి వదులు నేలలో గుంట పక్కలు 45 డిగ్రీలకు మించని వాలుతో ఉండాలనీ, లేదా ఒక్కొక్కటి ఒకటిన్నర మీటరు ఎత్తు మించని మెట్లుగా, ఎత్తుకు తగ్గని వెడల్పుతో తీయాలనీ 1961 నాటి లోహ గనుల నిబంధనలే చెప్పాయి. 6 మీటర్ల గుంటకు నాలుగు మెట్లు. అవి తీస్తే దక్కే మట్టి కొంత తగ్గుతుంది. తగ్గే ఆ మట్టి కోసమే నిలువు గోడలు వదిలేస్తారు.

ఇంత పరిశీలన చిన్న గుంటలకూ అవసరమా అన్న ప్రశ్న మీద మన దేశంలో పెద్ద చర్చే నడిచింది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని కింద ప్రభావ అంచనా నోటిఫికేషన్ మొదట 1994లో, దాని స్థానంలో మరొకటి 2006 సెప్టెంబరు 14న వెలువడ్డాయి. 5 హెక్టార్ల లోపు గనులకు చాలాకాలం ఈ గొడవ లేదు. దాంతో పెద్ద విస్తీర్ణాన్ని చిన్న ముక్కలు చేసి అనుమతులు తీసుకునే వీలు ఏర్పడింది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఈ సందును మూసింది. 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకూ ముందస్తు పర్యావరణ అనుమతి కావాలంది. 2016లో కేంద్రం ఆ చిన్న లీజులను జిల్లా స్థాయి అథారిటీలకు అప్పగించి ప్రక్రియను సులభం చేసింది. సులభం చేసే పేరుతో 2012 తీర్పును పలచన చేశారని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018 సెప్టెంబరులో తప్పుపట్టింది. 2020 మార్చి 28న, లాక్‌డౌన్ రోజుల్లో, రోడ్లు, పైపులైన్లు వంటి పొడవాటి నిర్మాణాల కోసం తీసే మామూలు మట్టికి అసలు అనుమతే అక్కర్లేదని కేంద్రం మినహాయించింది. ఎంత మట్టి అన్న పరిమితి లేదు, పొడవాటి నిర్మాణం అంటే ఏమిటో నిర్వచనం లేదు, ప్రజల అభ్యంతరాలు పిలవలేదు. ఆ మినహాయింపు నిరంకుశమని 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ పన్నెండేళ్ల కథలో వాదులాడుకున్నదంతా విస్తీర్ణం గురించి, ప్రక్రియ గురించి. నీరు ఎటు పోతుందన్న ప్రశ్న మాత్రం ప్రతి దరఖాస్తులోనూ మళ్లీ మొదటినుంచి వేసుకోవలసిందే.

తూకానికి వద్దాం. ఒక పళ్లెంలో రోడ్డు, మరో పళ్లెంలో కొంగలు అని పెట్టేస్తే తూకం తప్పుతుంది. రోడ్డు నిజంగా కావాలి, వరద వచ్చినప్పుడు అదే ఊరికి ఆ రోడ్డు దిక్కు. కనుక అడగవలసింది ‘రోడ్డు కావాలా వద్దా’ అని కాదు. ‘ఈ మట్టి ఇక్కడినుంచే కావాలా’ అని. కట్టలు పోయడానికి బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద వాడాలని 1999 నుంచి వరుసగా నోటిఫికేషన్లు వచ్చాయి. దగ్గర్లో అలాంటి కేంద్రం ఉందా? దూరంగా, నీటికి సంబంధం లేని మెరక ఉందా? పూడిక తీసిన చెరువు మట్టి వాడవచ్చుగా అని కొందరు విద్యార్థులు అడుగుతారు. పొలానికి అది బంగారమే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఆ మట్టిని పొలాలకు తోలారు. కాని బంకమట్టి ఎక్కువ ఉన్న పూడిక తడికి ఉబ్బి, ఎండకు బీటలు వేస్తుంది. రోడ్డు కట్టకు పనికిరాదు.

రెండో సూత్రం, నష్టాలన్నిటికీ ఒకే బరువు ఇవ్వకూడదు. దుమ్ము తవ్వకంతో పాటే ఆగిపోతుంది. తగ్గిన నీటిమట్టం తేరుకోవచ్చు. చీలిన బంకమన్ను పొర తేరుకోదు. మునిగిపోయిన పిల్లవాడు తిరిగి రాడు. తిరిగి రానివాటిని రాయల్టీ రూపాయలతో పక్కపక్కన పెట్టి కూడికలు తీసివేతలు చేయలేం.

మూడోది, తెలియనప్పుడు నిరూపించవలసిన భారం ఎవరిది? దీనికి జవాబు హైదరాబాదు జంట జలాశయాల కేసులోనే ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరివాహక ప్రాంతంలో ఒక పరిశ్రమ గురించి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వేసిన కేసులో 1999 జనవరిలో సుప్రీంకోర్టు, పర్యావరణానికి హాని జరగదని రుజువు చేసే భారం మార్పు తలపెట్టిన వారిమీదే ఉంటుందని వివరించింది. బావి ఎండిపోతుందని నిరూపించమని బావి యజమానిని అడగకూడదు. ఎండదని గుంట తవ్వేవారు చూపించాలి.

ఈ మూడింటితో మన ఊహా దరఖాస్తును తూస్తే నా తీర్పు ఇలా ఉంటుంది. అడిగినది అడిగినట్టు ఇవ్వకూడదు. పల్లం వైపున్న 2 హెక్టార్లు ముట్టుకోకూడదు. మిగిలిన 3 హెక్టార్లలో, వర్షాకాలం చివర కొలిచిన అత్యధిక నీటిమట్టానికి ఒక మీటరు పైనే గుంట అడుగు ఆగాలి. నీరు 3 మీటర్లలో ఉంది కనుక తవ్వకం 2 మీటర్లకే పరిమితం. అప్పుడు నీటిని తోడవలసిన పనే ఉండదు. మట్టి 60,000 ఘనపు మీటర్లు, గుల్లబారితే 75,000, అంటే 7,500 లోడ్లు. 300 పనిదినాల్లో రోజుకు 25 లోడ్లు, 50 రాకపోకలు, పన్నెండు నిమిషాలకు ఒకటి. బడి మొదలయ్యే, వదిలే వేళల్లో అవీ ఆగాలి. అడిగినదానిలో అయిదో వంతే దక్కింది. మిగతాది దరఖాస్తుదారు వేరేచోట వెతుక్కోవాలి.

షరతులు రాసేటప్పుడు ‘తగిన జాగ్రత్తలు తీసుకోవలెను’ అని రాయడం వృథా, దాన్ని ఎవరూ తనిఖీ చేయలేరు. ‘గుంటకూ పల్లానికీ మధ్య రెండు, గుంటకూ ఇళ్లకూ మధ్య ఒకటి కొలత గొట్టాలు దింపి, వారానికోసారి నీటిమట్టం కొలిచి పంచాయతీ బోర్డు మీద రాయవలెను’ అంటే ఎనిమిదో తరగతి పిల్ల కూడా తనిఖీ చేయగలదు. తాడు, దాని చివర ఒక బరువు, ఒక టేపు చాలు. గుంట అంచున సిమెంటు రాయి పాతి దానిమీద లోతు గుర్తు వేయాలి. మట్టం ఇంత కంటే దిగితే తవ్వకం ఆగుతుందని ముందే అంకె రాయాలి. గుంట పక్కల్ని మెట్లుగా తీయడానికి, పని అయ్యాక వాలు చేయడానికి అయ్యే ఖర్చును ముందుగానే డిపాజిట్టుగా కట్టించుకుని, పని ముగిశాక రెండు వర్షాకాలాల కొలతలు చూశాకే దాన్ని తిరిగి ఇవ్వాలి.